కట్టని మూట విప్పబోతే: సుడోలో పదేళ్ళు దాగిన మెమరీ బగ్గు

లినక్సు మీదో యూనిక్సు మీదో పనిచేసే మనవాళ్ళలో రోజుకి ఒక్కసారైనా "సుడో" అని కొట్టనివాళ్ళు అరుదు. (దీన్ని "సూ-డూ" అని పలకాలట. మనలో ఎక్కువమంది సుడో అనే అంటారు కనుక ఇక్కడా అలాగే కానిస్తాను. సీమలో పెరిగిన నాకు "సూడు" అంటే అర్థం వేరు!) మామూలు యూజరు, తనకి అనుమతి ఉన్న మేరకు, రూట్ అధికారంతో ఒక కమాండు నడుపుకునే వీలు కల్పించడమే దాని పని. 1980 ప్రాంతంలో బఫలోలోని న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1990ల నుంచి టాడ్ మిల్లర్ అనే ఆయన దాని బాగోగులు చూస్తూ వచ్చారు.

అలాంటి సుడోలో ఒక మెమరీ బగ్గు ఉందని 2021 జనవరి 26న క్వాలిస్ అనే భద్రతా సంస్థ ప్రకటించింది. అధికారికంగా దాని నంబరు సీవీఈ-2021-3156. ముద్దుపేరు బేరన్ సేమెడిట్. హైతీ వూడూ మతంలో మృతుల దేవత బేరన్ సామెడి పేరునీ, సుడోఎడిట్ అన్న కమాండు పేరునీ కలిపి చేసిన చమత్కారమది. పేరు సరదాగా ఉన్నా విషయం అలాంటిది కాదు. మెషీనులో ఏదో ఒక లాగిన్ ఉంటే చాలు. సుడో నియమాల ఫైలులో మీ పేరు ఉండక్కర్లేదు, పాస్‌వర్డు తెలియక్కర్లేదు. "నోబడీ" అనే ఉత్తుత్తి యూజరైనా సరే, రూట్ అయిపోవచ్చు. ఉబుంటు 20.04, డెబియన్ 10, ఫెడోరా 33 మీద తాము నిజంగానే రూట్ అయి చూశామని క్వాలిస్ వాళ్ళు చెప్పారు. ఈ బగ్గు 2011 జులైలో చేసిన ఒక మార్పుతో సుడోలోకి వచ్చింది. అంటే 1.8.2 నుంచి 1.8.31పి2 దాకా, 1.9.0 నుంచి 1.9.5పి1 దాకా అన్ని వర్షన్లలోనూ ఉందన్నమాట. తొమ్మిదిన్నరేళ్ళు!

అప్పట్లో వచ్చిన వార్తలు చాలావరకు "హీప్ ఓవర్‌ఫ్లో" అని ఒక్క మాట అనేసి, ప్యాచ్ వేసుకోండి అని ముగించాయి. ఆ బగ్గుని కొన్ని పాత మెషీన్ల మీద నేను చేత్తో సరిచెయ్యాల్సి వచ్చింది కాబట్టి లోపలికి వెళ్ళక తప్పలేదు. వెళ్ళాక తెలిసిందేమిటంటే, మెమరీ పొంగిపొర్లిన లైను ఒకచోట ఉంది, అది పొర్లడానికి కారణం ఇంకో ఫైలులో ఉంది. ఈ రెంటికీ మధ్య దూరమే అసలు కథ. కాలేజీలో సీ భాష చదివి, తర్వాత జావాలోకో సాప్‌లోకో వెళ్ళిపోయిన మిత్రులు కూడా కాస్త ఓపిక పడితే అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కట్టేవాడొకడు, విప్పేవాడొకడు

సుడోకి మైనస్ ఎస్ అన్న ఐచ్ఛికం ఇస్తే, మీరిచ్చిన కమాండుని అది నేరుగా కాకుండా ఒక షెల్ ద్వారా నడుపుతుంది. షెల్‌కి కొన్ని గుర్తులంటే ప్రత్యేకమైన అర్థం ఉంది కదా. నక్షత్రం, సెమికోలన్ లాంటివి. మీరు ఫైలు పేరులో భాగంగా ఇచ్చిన సెమికోలన్‌ని షెల్ ఇంకోలా అర్థం చేసుకోకుండా, సుడో ముందుభాగం (ఆర్గ్యుమెంట్లు చదివే ఫైలు) అలాంటి ప్రతి గుర్తు ముందూ ఒక బ్యాక్‌స్లాష్ పెడుతుంది. బ్యాక్‌స్లాష్ కూడా అలాంటి గుర్తే కనుక దాని ముందూ ఇంకో బ్యాక్‌స్లాష్ పెడుతుంది. ఇది మూట కట్టడం.

తర్వాత పని నియమాలు చూసే భాగానిది. "ఈ యూజరుకి ఈ కమాండు నడిపే అనుమతి ఉందా?" అని తేల్చేదీ, లాగ్‌లో రాసేదీ అదే. దానికి మీరు మొదట టైపు చేసిన మాటలు కావాలి, బ్యాక్‌స్లాష్‌లు తగిలించినవి కాదు. అందుకని అన్ని ఆర్గ్యుమెంట్లనీ ఒక్క బఫర్‌లోకి కాపీ చేసుకుంటూ, దారిలో బ్యాక్‌స్లాష్‌లు తీసేస్తుంది. ఇది మూట విప్పడం.

బఫర్‌కి ఎంత చోటు కావాలో ముందే లెక్క వేస్తుంది. ఒక్కో ఆర్గ్యుమెంటు పొడవుకి ఒకటి చొప్పున కలిపి (మధ్యలో ఖాళీ కోసం, చివర సున్నా బైటు కోసం) అన్నీ కూడుతుంది. బ్యాక్‌స్లాష్‌లు తీసేస్తే పొడవు తగ్గుతుందే తప్ప పెరగదు కాబట్టి ఆ చోటు ఎప్పటికీ సరిపోవాలి. పైకి చూస్తే లెక్కలో తప్పేమీ లేదు.

ఇప్పుడు కాపీ చేసే లూపు చూద్దాం. చదివే చోట ఒక వేలు, రాసే చోట ఒక వేలు పెట్టుకోండి. (పాయింటర్ అంటే అంతేగా!) చదివే వేలు కింద బ్యాక్‌స్లాష్ ఉండి, దాని పక్కనున్నది ఖాళీ కాకపోతే, వేలు ఒక అడుగు ముందుకి జరుగుతుంది. అలా బ్యాక్‌స్లాష్ వదిలేసినట్టయింది. ఇప్పుడు వేలు కింద ఏముంటే అది కాపీ చేసి రెండు వేళ్ళూ ముందుకి జరుగుతాయి. వేలు కింద సున్నా బైటు కనిపిస్తే ఆ ఆర్గ్యుమెంటు అయిపోయినట్టు.

ఈ లూపుకి ఒకే ఒక్క బ్యాక్‌స్లాష్ ఉన్న ఆర్గ్యుమెంటుని ఇచ్చి చూడండి. పొడవు 1, దానికి ఒకటి కలిపితే 2 బైట్ల బఫర్. చదివే వేలు బ్యాక్‌స్లాష్ మీద ఉంది. పక్కన సున్నా బైటు ఉంది, అది ఖాళీ కాదు కదా, కాబట్టి వేలు జరిగి సున్నా మీదికి వచ్చింది. ఆగాలా? ఆగదు! సున్నా వచ్చిందా అన్న పరీక్ష లూపు మొదట్లోనే ఉంది. ఇప్పుడు వేలు లూపు మధ్యలో ఉంది. అందుకని ఆ సున్నాని కూడా మామూలు అక్షరంలాగే కాపీ చేసేసి ఇంకో అడుగు ముందుకి వేస్తుంది. ఆర్గ్యుమెంటు సరిహద్దు దాటిపోయింది.

దాటాక అక్కడేముంది? లినక్సులో ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఆర్గ్యుమెంట్లన్నీ వరసగా, వాటి వెనకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ వరసగా పేర్చి ఉంటాయి. అంటే చివరి ఆర్గ్యుమెంటు తర్వాత మొదటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది. అది "అ=కఖగఘఙ" అనుకోండి. (యూటీఎఫ్-8లో ఇక్కడి ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు. మన లెక్క తేలికగా ఉండటానికి ఒక్క బైటే అనుకుందాం.) ఏడు బైట్లూ కాపీ అవుతాయి. ముందు రాసిన సున్నా, చివర పెట్టే ఖాళీ కలిపితే మొత్తం 9 బైట్లు. చోటు మాత్రం 2 బైట్లే. మిగిలిన ఏడూ హీప్‌లో పక్కవాళ్ళ నెత్తిన పడ్డాయి.

క్వాలిస్ ఇచ్చిన ఉదాహరణ ఇంకా మోటుగా ఉంటుంది. మొదటి ఆర్గ్యుమెంటు ఒక బ్యాక్‌స్లాష్, రెండోది 65,536 సార్లు ఒకే అక్షరం. కేటాయించిన చోటు 65,539 బైట్లు. బ్యాక్‌స్లాష్ దగ్గర దాటిపోయిన వేలు ఆ పొడుగు వరసని ఒకసారి కాపీ చేస్తుంది, ఆ తర్వాత రెండో ఆర్గ్యుమెంటు వంతు వచ్చినప్పుడు మళ్ళీ చేస్తుంది. రాసినవి 131,075 బైట్లు. సరిగ్గా 65,536 ఎక్కువ. హీప్ పాడైందని గుర్తించి ప్రోగ్రాం గోల పెట్టి చచ్చిపోతుంది.

చావకుండా రూట్ ఇచ్చేలా చెయ్యడం మరో విద్య. దాని వివరాల్లోకి వెళ్ళను గానీ, దాడి చేసేవాడికి ఇక్కడ ఎన్ని సౌకర్యాలు కుదిరాయో చెప్పాలి. బఫర్ ఎంత ఉండాలో వాడి ఆర్గ్యుమెంట్లే నిర్ణయిస్తాయి. ఎంత పొర్లాలో, ఏం పొర్లాలో వాడి ఎన్విరాన్‌మెంట్ నిర్ణయిస్తుంది. మామూలుగా స్ట్రింగు కాపీలో సున్నా బైటు రాయడం కుదరదు, కానీ బ్యాక్‌స్లాష్ ఒక్కటే విలువగా ఉన్న వేరియబుల్ పెడితే ఇక్కడ అదీ కుదురుతుంది! క్వాలిస్ వాళ్ళు వాడిన దారుల్లో ఒకటి ఏమిటంటే, యూజర్ల పేర్లు వెతకడానికి ఏ లైబ్రరీ ఎక్కించాలో గుర్తుంచుకునే ఒక గ్లిబ్‌సీ నిర్మాణం హీప్‌లో ఉంటుంది. దాని మీద రాసి తమ లైబ్రరీ పేరు పెట్టేశారు. రూట్‌గా నడుస్తున్న సుడో దాన్ని చక్కగా ఎక్కించుకుంది.

మరి పదేళ్ళూ ఎందుకు పేలలేదు?

ఇదీ నాకు ఆసక్తిగా అనిపించిన భాగం. మామూలు దారిలో ఇది పేలదు. ఎందుకంటే మూట కట్టేవాడు ప్రతి బ్యాక్‌స్లాష్ ముందూ ఇంకోటి పెడతాడు. కట్టిన మూటలో ఏ ఆర్గ్యుమెంటూ ఒంటరి బ్యాక్‌స్లాష్‌తో ముగియదు. విప్పేవాడు ఆ నమ్మకంతోనే ఉన్నాడు. ముందుభాగం కట్టి పంపుతుంది, మనం విప్పుతున్నాం అని లూపు పైన కామెంటు కూడా ఉంది.

ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి అన్న షరతులు మాత్రం రెండు ఫైళ్ళలో విడివిడిగా ఉన్నాయి, అవి ఒకటి కావు. కట్టేవాడి షరతు: "రన్" మోడూ "షెల్" మోడూ రెండూ ఉండాలి. విప్పేవాడి షరతు: "రన్", "ఎడిట్", "చెక్" మోడ్లలో ఏదో ఒకటీ, దాంతోపాటు షెల్ మోడూ ఉండాలి. ఎడిట్ ఉండి, షెల్ ఉండి, రన్ లేకపోతే? ఎవరూ కట్టని మూటని విప్పుతారన్నమాట.

సుడోకి ఎడిట్ ఐచ్ఛికమూ, షెల్ ఐచ్ఛికమూ కలిపి ఇస్తే ఊరుకోదు. ఎడిట్ అనగానే చెల్లుబాటయ్యే ఐచ్ఛికాల జాబితాని కుదించేస్తుంది, షెల్ ఆ జాబితాలో ఉండదు. అయితే ఎడిట్ మోడ్‌లోకి వెళ్ళడానికి ఇంకో దారి ఉంది. సుడోఎడిట్ అన్న పేరుతో పిలవడం. అది సుడోకే ఇంకో పేరు, అంతే. అలా పేరుని బట్టి ఎడిట్ మోడ్ పెట్టేచోట, జాబితాని కుదించడం మరిచారు. కాబట్టి సుడోఎడిట్‌కి మైనస్ ఎస్ ఇస్తే నిక్షేపంలా ఒప్పుకుంటుంది.

యాదృచ్ఛిక ఇన్‌పుట్లతో ప్రోగ్రాములని బాదే ఫజ్జర్లు మామూలుగా ఫైళ్ళలోని డేటాని, ప్రామాణిక ఇన్‌పుట్‌ని మార్చి చూస్తాయి. ఇక్కడ తాళంచెవి ఆర్గ్యుమెంట్లలో ఉంది, అందులో సగం ప్రోగ్రాం పేరులోనే ఉంది!

పదకొండు మెషీన్లు

ఆ వారం నేను టెక్సస్‌లో ఒక క్లయింటు దగ్గర ఉన్నాను. ప్రకటన వెలువడింది మాకు మధ్యాహ్నం పన్నెండుకి, అంటే హైదరాబాదులో రాత్రి పదకొండున్నరకి. అక్కడ రిపబ్లిక్ డే సెలవు. ఆన్‌కాల్‌లో ఒక్క కుర్రాడు మిగిలాడు. కొత్త సర్వర్లన్నిటికీ పంపిణీదారుల ప్యాచ్‌లు సాయంత్రంలోగా వచ్చేశాయి. బెంగ పాత బిల్లింగు ప్రోగ్రాం నడుస్తున్న పదకొండు సెంటాస్ 6 మెషీన్ల గురించి. సెంటాస్ 6కి మద్దతు 2020 నవంబరు 30తోనే ముగిసింది. వాటికి ప్యాచ్ రాదు. పైగా వాటి మీద బయటి సంస్థల ఆపరేటర్లకి రెండొందల పైచిలుకు లాగిన్లు. ఊళ్ళో అందరిళ్ళ బిల్లులూ అందులోనే ఉన్నాయి.

"అన్నా, సుడోఎడిట్ లింకు తీసేస్తే సరిపోదా?" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్నే. సరిపోదు. సుడో తన పేరుని తానెలా పోల్చుకుంటుందో కోడ్‌లో చూస్తే, చివరి నాలుగక్షరాలు ఎడిట్ అయితే చాలు. ఎవరైనా తమ హోం డైరెక్టరీలో అలాంటి పేరుతో సుడోకి ఓ లింకు పెట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ పూటకి సుడో మీదున్న సెట్‌యుఐడి బిట్టే తీసేయించాను. రూట్ పని ఉన్నవాళ్ళు కన్సోల్ నుంచి చేసుకున్నారు. తిట్టుకున్నారు కూడా.

కొత్త 1.9.5పి2ని తెచ్చి కట్టెయ్యొచ్చు. కానీ ఎల్‌డాప్ అమరికలన్నీ మళ్ళీ పరీక్షించాలి, నెలాఖరు బిల్లింగు నాలుగైదు రోజుల్లో ఉంది. అందుకని ఆ మెషీన్లలో ఉన్న 1.8.6పి3 సోర్సునే తీసుకుని సరిచెయ్యడం మేలనిపించింది. అసలు ప్యాచ్ దానికి నేరుగా అతకలేదు, మధ్యలో ఏళ్ళ తరబడి కోడ్ జరిగిపోయింది కదా. చదివి, అర్థం చేసుకుని, చేత్తో ఎక్కించాలి.

ముందు బగ్గుని విడిగా పట్టుకోవాలి. సెట్‌యుఐడి ప్రోగ్రాంని మామూలు యూజరు డీబగ్గర్ కింద నడిపితే ఆ ప్రత్యేక హక్కు ఊడిపోతుంది. ఇక సెంటాస్ 6లో ఉన్న జీసీసీ 4.4కి అడ్రస్ శానిటైజర్ తెలియదు. అందుకని ఆ కాపీ లూపునీ, దాని పైనున్న పొడవు లెక్కనీ మాత్రం కోసి, పాతిక లైన్ల చిన్న ప్రోగ్రాం చేసి, నా ల్యాప్‌టాపులో కొత్త జీసీసీతో శానిటైజర్ పెట్టి కంపైల్ చేశాను. ఒక్క బ్యాక్‌స్లాష్ ఇచ్చి నడపగానే, 2 బైట్ల ముక్క అయిపోయిన మరుక్షణం ఒక బైటు రాశావు అని లైను నంబరుతో సహా చెప్పింది. పైన మనం వేళ్ళతో వేసిన లెక్కే. పెద్ద ప్రోగ్రాంతో కుస్తీ పట్టేకన్నా, అనుమానమున్న ముక్కని ఇలా బయటికి తీసి చూడటం నాకు చాలాసార్లు కలిసొచ్చింది.

ఇక మందు. టాడ్ మిల్లర్ చేసిన సవరణలో ఒకటి కాదు, మూడు నాలుగు తాళాలున్నాయి. విప్పే లూపులో, బ్యాక్‌స్లాష్ పక్కన సున్నా బైటు ఉంటే దాటొద్దు అని ఒక షరతు. అదే లూపులో, రాసే ముందు ఇంకా చోటుందా అని చూసుకోవడం, లేకపోతే లోపలి పొరపాటు అని చెప్పి ఆగిపోవడం. విప్పడం రన్ మోడ్‌లో మాత్రమే జరగాలని విప్పేవాడి షరతుని కట్టేవాడి షరతుతో సమానం చెయ్యడం. చివరగా ముందుభాగంలో, సుడోఎడిట్ అన్న పేరుతో పిలిచినా ఐచ్ఛికాల జాబితాని కుదించడం.

"మొదటిదొక్కటి చాలదా అన్నా, మెమరీ పొర్లడం ఆగిపోతుందిగా?" పొర్లడం ఆగుతుంది. కట్టని మూట విప్పడం మాత్రం ఆగదు. యూజరు "అ\ఆ" అని ఇస్తే నియమాలు చూసేచోట "అఆ" అని కనపడుతుంది. అనుమతి ఒక పేరు మీద చూసి, పని ఇంకో పేరు మీద చెయ్యడం అనేది అధికారం పంచే ప్రోగ్రాంలో ఉండకూడని వ్యవహారం. శానిటైజర్ దాని గురించి కిక్కురుమనదు, ఎందుకంటే మెమరీ భద్రంగానే ఉంది. పోనీ ముందుభాగం ఒక్కటే సరిచేస్తే? ఈ దారి మూసుకుంటుంది, రేపు ఇంకెవరో కొత్త మోడ్ చేరిస్తే ఆ లూపు మళ్ళీ ఎదురుచూస్తూ ఉంటుంది. నేను నాలుగూ ఎక్కించాను. మొత్తం మార్పు ఒక అరచేతిలో పట్టేంత.

పరీక్షలో దాడి కమాండు ఆగిందా అని మాత్రమే చూస్తే చాలదు. డాలర్లూ సెమికోలన్లూ ఉన్న మామూలు కమాండులు షెల్ మోడ్‌లో మునుపటిలాగే నడుస్తున్నాయా, లాగ్‌లో యూజరు టైపు చేసినదే పడుతోందా అనీ చూశాం. రెండో రోజు రాత్రికి పదకొండు మెషీన్ల మీదా సెట్‌యుఐడి బిట్టు తిరిగి పెట్టాం.

మర్నాడు కుర్రాడి నుంచి ఇంకో కబురు. "అన్నా, రెడ్‌హ్యాట్ 7 మెషీన్లలో వర్షన్ ఇంకా 1.8.23 అనే చూపిస్తోంది. ప్యాచ్ పడలేదేమో!" పడింది. రెడ్‌హ్యాట్, డెబియన్, ఉబుంటు వాళ్ళు పాత వర్షన్ నంబరుని అలాగే ఉంచి సవరణ మాత్రం వెనక్కి తెస్తారు. మారేది ప్యాకేజీ చివరి అంకె. సుడో చెప్పే వర్షన్ చూసి నివేదికలు రాసే తనిఖీ సాధనాలు ఆ నెలంతా మంచి మెషీన్లని చెడ్డవన్నాయి, చేత్తో కట్టిన మా పదకొండింటినీ మరీ చెడ్డవన్నాయి.

భాష మారిస్తే?

ఇదంతా సీ భాష పాపమేనా అని అడగొచ్చు. సరిహద్దు చూసుకునే భాషలో ఆ లూపు రెండో బైటు దగ్గరే ఆగిపోయి ఉండేది, నిజమే. ఇప్పుడు రస్ట్‌లో తిరగరాసిన సుడో ఉంది, 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 దాన్నే మామూలు సుడోగా పెట్టుకుంది. నాకు ఇది మంచి పరిణామమే అనిపిస్తుంది. అయితే అదే 2025 జూన్ చివర్లో పాత సుడోలో ఇంకో పెద్ద లోపం బయటపడింది, సీవీఈ-2025-32463. 2023లో 1.9.14తో వచ్చింది, 1.9.17పి1లో సరిచేశారు. యూజరు చెప్పిన డైరెక్టరీని మూలంగా చేసుకునే చ్రూట్ ఐచ్ఛికంలో, అనుమతి తేల్చక ముందే సుడో ఆ డైరెక్టరీలోకి వెళ్ళి అక్కడి అమరికల ఫైలు చదివేది. యూజరు పెట్టిన లైబ్రరీ రూట్‌గా ఎక్కేది. చూశారా, చేరిన గమ్యం 2021లో లాంటిదే. దారిలో మాత్రం ఒక్క బైటు కూడా పొర్లలేదు. అలాంటిదాన్ని ఏ కంపైలరూ పట్టుకోలేదు.

మన ఇళ్ళల్లో అటకెక్కిన పాత ల్యాప్‌టాపో, గరాజులో కెమెరాలు చూసుకునే రాస్ప్‌బెర్రీ పై డబ్బానో ఉండనే ఉంటుంది. బేరన్ సేమెడిట్ సంగతి తేల్చుకోవడానికి వర్షన్ చూడకండి. రూట్ కాని లాగిన్‌తో వెళ్ళి, సుడోఎడిట్ అని కొట్టి, మైనస్ ఎస్ ఇచ్చి, ఆ తర్వాత ఒక మామూలు స్లాష్ (బ్యాక్‌స్లాష్ కాదు) ఇవ్వండి. జవాబు "యూసేజ్" అన్న మాటతో మొదలైతే సరిచేసిన సుడో. "సుడోఎడిట్" అని తన పేరుతో మొదలైతే, ఆ డబ్బాని నెట్‌వర్కు నుంచి తీసేసి అప్పుడు ప్యాచ్ సంగతి చూడండి.